అక్కడి సాలు

ఎర్రబావిపల్లి మారెక్కకు తెలియని సంగతులు లోకంలో చాలానే ఉన్నాయి. కానీ వాటిలో ఒక్కటి కూడా సేద్యానికి సంబంధించినది కాదు. ఈ మాట ఆమె తన గురించి తాను చెప్పుకున్నదే అయినా, కాదనే గుండె ఊళ్లో ఎవరికీ లేదు. మొగుడు శివప్ప పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచీ ఆ మూడెకరాల ఎర్రనేల మంచీచెడ్డా ఆమే చూస్తోంది. కొడుకు మల్లికార్జున కూడా తానే చూస్తున్నానని అనుకుంటాడు. అనుకోనీలే, పోయేదేముంది అని ఆమె ఊరుకుంది.

ఎర్రబావిపల్లి కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో ముప్పావు గంట. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగుళూరు బస్సు, అంతే అక్కడి బతుకు. ఆ ఊళ్లో వేరుశనగ వేసేటప్పుడు ఇన్ని సాళ్లకొకటని ఒక సాలు విడిగా పెట్టి, అందులో కందులు, అలసందలు, అనుములు, కాసిన్ని జొన్నలు కలిపి వేస్తారు. దాన్ని అక్కడి సాలు అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. అమ్మను అమ్మ అని ఎందుకంటారని అడుగుతామా?

వేరుశనగ మగవాళ్ల పంట. మండీకి పోతుంది, దాని గురించి అరుగుల మీద మాటలు నడుస్తాయి, దాని కోసం ఆకాశాన్ని తిడతారు. అక్కడి సాలు మాత్రం ఆడవాళ్లది. విత్తనం ఆడదే దాస్తుంది, ఆడదే చేత్తో జారవిడుస్తుంది, పండింది ఆడదే కోసుకుంటుంది. ఏడాది పొడుగునా ఇంట్లో ఉడికే పప్పు, కాచే చారు, ఆ సాలు నుంచి వచ్చేవే. ఆ సాలులో పండిన దాన్ని మగవాడు నాది అనడు. అంటే ఊరంతా నవ్వుతుంది.

మారెక్క కంది ఆమె అత్త చేతి నుంచి వచ్చింది. నాటు కంది. నెలన్నర వాన మొహం చూపించకపోయినా ఎండిపోయినట్టు నటించి, ఒక్క జల్లు పడగానే లేచి కూర్చుంటుంది. ఊళ్లో మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే అంగడి విత్తనానికి మారిపోయారు. నిరుడు వానల్లేక మారెక్క పంట కూడా పోయింది. బూడిద, వేపాకు కలిపి కుండలో దాచిన విత్తనంలో కంది ఒక్కటే, అదీ మూడు సేర్లు మిగిలింది. అది మన్నులో పడి మొలిస్తే ఉన్నట్టు, లేకుంటే ఆ విత్తనం భూమ్మీద లేనట్టే. మళ్లీ అడిగి తెచ్చుకుందామంటే ఇచ్చే ఇల్లు లేదు.

ఆమె గుండెల్లో ఇంకో గుబులు కూడా ఉంది. తన తర్వాత ఆ కుండ ఎవరు పట్టుకుంటారు? కోడలు ఈశ్వరి రాప్తాడు పిల్ల, హైవే పక్కన పుట్టి పెరిగింది. మంచిదే. పని దొంగ కాదు. కానీ నాలుగేళ్లలో ఒక్కసారైనా ఆ కుండ మూత తీసి చూడలేదు.

ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రం మంచి వాన పడింది. మల్లికార్జున ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"మా, రేపు పొద్దున్నే ట్రాక్టరు వస్తాండాది. ఆంజినప్ప ఎద్దులమ్మేసినాడు గదా, ఇంక గొర్రు కట్టి ఇత్తేవాళ్లు యాడుండారు? మూడెకరాలూ రెండు గంటల్లో అయిపోతాది."

"అక్కడి సాలు?"

"అబ్బా! ట్రాక్టరు గొర్రుకు తొమ్మిది గొట్టాలుంటాయి. తొమ్మిదింట్లోనూ శెనక్కాయే పడతాది."

"ఒక గొట్టం మూసేస్తే ట్రాక్టరు ఏమన్నా ఏడుస్తాదా?"

ఈశ్వరి పొయ్యి దగ్గర నుంచి అంది. "అంగట్లో కందిపప్పు దొరకదా అత్తా? ఇంత తిప్పలెందుకు?"

"దొరుకుతాది. ఆడనే మంచి అత్త గూడా దొరుకుతాదేమో సూసుకో పో."

మల్లికార్జున నవ్వాడు. నవ్విన తర్వాత ఓడిపోక ఏం చేస్తాడు? రెండు చుట్లకొకసారి చివరి గొట్టంలో వేరుశనగ ఆపి, అక్కడి విత్తనం పోయించేట్టు ఒప్పందం కుదిరింది.

పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. నడిపేవాడు జయరాం, గుంటూరు దిక్కు మనిషి. సీజనుకని ట్రాక్టరు వేసుకుని ఈ వైపు రావడం అతనికి ఇదే మొదలు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. మాటమాటకూ అండీ తగిలిస్తాడు. వేరుశనగ విత్తనం రెండు బస్తాలు తక్కువొస్తుందేమోనని మల్లికార్జున బండేసుకుని ఊళ్లోకి వెళ్లాడు. గొట్టం సంగతి అమ్మ చెబుతుందిలే అనుకున్నాడు. కొడుకు చెప్పే ఉంటాడులే అని ఆమె అనుకుంది. సగం సంసారాలు ఇలాగే మునుగుతాయి.

మారెక్క విత్తనం సంచి జయరాం చేతికిచ్చింది.

"ఏమప్పా, ఈ ఇత్తనం అక్కడి సాలుకు. శెనక్కాయల్లో కలిపేసేవు, జాగ్రత్త."

"ఎక్కడి సాలుకండీ?"

"అక్కడి సాలుకప్పా!" అంటూ చెయ్యి పొలం మీదుగా ఊపింది.

జయరాం ఆ చెయ్యి పోయిన దిక్కు చూశాడు. పొలం అవతలి అంచున ముళ్లకంప కంచె ఉంది. "అర్థమైందండీ. అక్కడి సాలుకే. నేను చూసుకుంటానండీ" అన్నాడు.

ఇందులో తప్పెవరిదో చెప్పమంటే ఏ పంచాయితీ చెప్పలేదు. మారెక్క పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దూరంగా ఉన్నదాన్ని చూపించాలంటే 'ఆడ' అంటుంది. ఆమె నోట 'అక్కడి' అనే మాటకు సాలు తప్ప ఇంకో అర్థం లేదు. జయరాం ఊళ్లో 'ఆడ' అనరు, 'అక్కడ' అంటారు. ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడారు. కొంప మాత్రం మునిగింది.

మారెక్క తప్పు ఒకటుంది, దాచడమెందుకు. ఆమె ఎద్దుల లెక్కన ఆలోచించింది. ఎద్దులైతే మూడెకరాలకు రెండు రోజులు. ట్రాక్టరైతే మధ్యాహ్నం దాకా అయినా పట్టదా అనుకుని, పనివాడికి సంగటి చేసుకొద్దామని ఇంటికి పోయింది. నెత్తిన గంపతో ఆమె, వెనక నీళ్లబిందెతో ఈశ్వరి చేనుకొచ్చేసరికి ట్రాక్టరు వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. జయరాం మొహం తుడుచుకుంటున్నాడు.

"పనైపోయిందండీ పిన్నిగారూ" అంటూ ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చాడు.

"అక్కడి సాళ్లు ఎన్ని పడినాయప్పా?"

"తొమ్మిదండీ. కంచె వెంబడి ఆఖరి చుట్టు మొత్తం అవే. తొమ్మిది గొట్టాల డబ్బాలూ ఖాళీ చేసి, దులిపి మరీ పోశాను. ఒక్క గింజ కూడా వేరుశనగలో కలవలేదండీ!"

అంత మర్యాదగా, అంత శుభ్రంగా చేసిన నాశనాన్ని మారెక్క తన జన్మలో చూడలేదు. గంప దించి గట్టు మీద కూలబడింది. ఇక అక్కర్లేని బస్తాలతో అప్పుడే బండి మీద వచ్చిన మల్లికార్జునకు ఈశ్వరి జరిగింది చెప్పింది.

"మీరే కదండీ అక్కడి సాలుకన్నారు..." జయరాం నసిగాడు.

"అవునప్పా, అక్కడి సాలుకనే అంటి!"

ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తా, వాళ్ల దిక్కు ఆడ అనరు, అక్కడ అంటారు. నువ్వు ఆడుండే సాలుకు పోయమన్నావనుకున్నాడు ఆయప్ప."

ఆ మాటతో సంగతి అందరికీ ఒకేసారి అర్థమైంది. జయరాం తల పట్టుకున్నాడు. మల్లికార్జున తల్లి మొహం చూసి భయపడ్డాడు.

"పోనీలే మా. మన చేన్లోనే గదా పడింది. ఆడే మొలవనీ."

"ఆ కంచె అవతల ఏముండాది?"

"గొర్రెల దోవ."

"రెండాకులు పడంగానే మందంతా మూతి పెడతాది. ఈ కంప గొర్రెల్ని ఆపుతాదా? ఒక్క పూటకు సాలవు నా కందులు." ఆమెకు తన మీదే కోపమొచ్చింది. "ఏడుపొస్తాంది, కానీ ఏడిస్తే మొలుస్తాయా?"

లేచి కంచె దాకా నడిచింది. మోకాళ్ల మీద కూర్చుని సాలులోకి వేలు దించింది. కాసేపు కెలికి ఒక కంది గింజ బయటికి తీసింది. మన్ను అంటుకుంది కానీ ఇంకా గట్టిగానే ఉంది. ఆమె మొహంలోకి మెల్లగా పాత పొగరు తిరిగొచ్చింది.

"ఇత్తనం యాడికీ పోల్యా. మన్నులో దాసిపెట్టినాం, అంతే. ఈశ్వరీ, పోయి గంగాదేవినీ కదిరమ్మనూ పిల్సుకురా. పరిగె ఏరను రమ్మన్నానని సెప్పు."

పరిగె అంటే ఆ ఊళ్లో పంట చివర్లో చేసే పని. వేరుశనగ పీకేసిన తర్వాత మన్నులో తెగిపడిన కాయలు మిగులుతాయి. ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, వేళ్లతో మన్ను కదుపుతూ ఒక్కో కాయా ఏరుకుంటారు. వాళ్ల వేళ్లకు కళ్లుంటాయి. రాయేదో కాయేదో చూడకుండానే చెప్పగలరు. కానీ ఆరుద్ర కార్తెలో, విత్తనం వేసిన పూటే పరిగె అనడం ఎవరూ వినలేదు.

మారెక్క ఈడుదే కదిరమ్మ. గట్టు మీద నుంచే మొదలుపెట్టింది. "ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట! పైరే మొలవల్యా, పరిగంటనే మారెక్కా!"

"నోరు తర్వాత, ముందు సెయ్యి కదుపు."

"కదుపుతా గానీ, నాకూ ఒక గుప్పెడు ఇత్తనం ఇయ్యల్ల. అంగడి కంది నిరుడు నన్ను నిలువునా ముంచింది."

"నాకూనూ" అంది పక్కింటి గంగాదేవి, కొంగు నడుముకు చుట్టుకుంటూ. ఆమె వెంట ఇంకో ఇద్దరు వచ్చారు.

"పండనీ, సేటెడు సేటెడు పెడతా. ఇప్పుడు కూకోండి."

కంచె వెంబడి తొమ్మిది సాళ్లూ పంచుకున్నారు. ఎండ వీపుల మీద పడుతోంది. జయరాం తర్వాతి చేనుకు వెళ్లాల్సినవాడు. ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, చెప్పులు విడిచి తానూ కూర్చున్నాడు. గంటసేపు దీక్షగా ఏరి దోసిలి నిండా తెచ్చి మారెక్క చాటలో పోశాడు. ఆమె చూసింది. సగానికి సగం గులకరాళ్లు.

"ఇవి మొలిస్తే మీ ఊరికి పంపిస్తాలేప్పా" అంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. జయరాం కూడా నవ్వాడు. పొద్దున నుంచి అతను నవ్వడం అదే మొదలు.

పొద్దు గూకేసరికి మూడు సేర్లలో రెండున్నర సేర్లు తిరిగొచ్చాయి. గింజలు అప్పటికే తడి తాగి ఉబ్బడం మొదలుపెట్టాయి. మారెక్క వాటిని తడిగుడ్డలో వదులుగా మూట కట్టింది. ఇక తిరిగి కుండలో పోయడానికి లేదు, ఎండబెట్టి దాయడానికీ లేదు. మర్నాడు పొద్దున మన్నులో పడాలి. లేదంటే పోపు పెట్టి గుగ్గిళ్లుగా తినాలి.

ఎక్కడ వేయాలన్నది ఇంకో చిక్కు. చేనంతా వేరుశనగ పడిపోయింది, గొర్రెల దోవ పక్కన తప్ప ఒక్క సాలు కూడా ఖాళీ లేదు. తెల్లవారి మల్లికార్జున అదే అంటూ గట్టు మీద నిలబడ్డాడు. మారెక్క అతని మాట వినిపించుకోకుండా చేనుకు అడ్డంగా నడిచి వచ్చింది.

"ట్రాక్టరు ఒక సుట్టు ముగించి ఇంకో సుట్టు ఎత్తుకునే కాడ జానెడు సందు పడిందిరా. నీ కండ్లకు కనపల్యా? రెండు సందులకొకటి ఏసుకుంటాపోతే ఇరవై సాళ్లొస్తాయి. అంతే గదా మనకు కావాల్సింది?"

మల్లికార్జున వంగి చూశాడు. నిజమే. చక్రం పోయిన అంచున ప్రతి చుట్టుకూ ఒక సందు, దువ్వెనతో పాపిడి తీసినట్టు చేను చివరి దాకా పోతోంది. అతను పుట్టినప్పటి నుంచి అమ్మకు అన్నీ ముందే ఎలా కనిపిస్తాయో అతనికి అర్థం కాలేదు. ఆ రోజూ కాలేదు.

ఆడవాళ్లు ఒడుల్లో గింజలు పోసుకుని దిగారు. కర్రతో చిన్న గుంత, రెండు గింజలు, మడమతో మన్ను. పని చకచకా సాగింది. ఎనిమిదిన్నరకు పద్నాలుగు సాళ్లు అయ్యాయి. అంతలో రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు వినిపించింది. జయరాం గంగాదేవి వాళ్ల చేనుకు వస్తున్నాడు, దాని తర్వాత కదిరమ్మది. సొంత చేలో విత్తనం పడేటప్పుడు ఇంకొకరి చేలో ఉండమని ఎవరంటారు? మారెక్కే వాళ్లను పంపించేసింది. మిగతా ఇద్దరూ వాళ్ల వెంటే కూలికి పోయారు.

ఆరు సాళ్లు మిగిలాయి. పడమటి గాలి లేచింది. ఆ గాలి లేస్తే పై మన్ను పదును గంటలో ఆరిపోతుంది, ఉబ్బిన గింజ పొడిమన్నులో పడితే చచ్చినట్టే. అత్తా కోడళ్లిద్దరే ఉన్నారు. నిన్నంతా గొంతుక్కూర్చున్న మారెక్క నడుము ఇక వంగనంటోంది. ఆమె నిటారుగా నిలబడి చేను వైపు, సూర్యుడి వైపు, ఆ తర్వాత గట్టు మీదున్న కొడుకు వైపు చూసింది.

"నిలబడి సూస్తాండావేమిరా? టవాలు నడుముకు కట్టుకో. గింజలు పోసుకో."

మల్లికార్జున అటూ ఇటూ చూశాడు. "నేనా? అక్కడి ఇత్తనం మగోళ్లు ఎయ్యరు గదా మా."

"ఎవరు సెప్పినారు?"

"నువ్వే! సిన్నప్పుడు ఒక గింజ ముట్టుకుంటే సెయ్యి మీద కొట్టినావు."

"అప్పుడు కొట్టినా. ఇప్పుడు ఎయ్యమంటాండా. మన్నుకు మగోడెవడో ఆడదెవరో తెల్దు, పదునుండాదా ల్యాదా అనేదే తెలుసు. దిగు!"

అతను దిగాడు. దారిన పోయే ఇద్దరు నిలబడి చూశారు. ఒకడు ఏదో అనబోయి, మారెక్క కళ్లు చూసి మానుకున్నాడు. మల్లికార్జున గుంత లోతుగా తీస్తే ఈశ్వరి వారించింది, గింజలు ఎక్కువ పోస్తే చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరు నేర్పారో మరి, రెండు పూటల్లోనే ఆ పిల్లకు పని పట్టుబడింది. తొమ్మిదిన్నరకు ఆఖరి గింజ మన్నులో పడింది. ఆరు సాళ్లూ మొగుడూ పెళ్లాలవే. మారెక్క గట్టు మీద కూర్చుని అరుస్తూనే ఉంది, అది కూడా పనే అనుకుంటే.

ఐదో రోజు మొలకలు కనిపించాయి. మారెక్క చేనంతా తిరిగి చూసుకుంది. పద్నాలుగు సాళ్లు తిన్నగా ఉన్నాయి. మిగతా ఆరూ తప్పతాగినవాడు ఇల్లు వెతుక్కుంటూ పోయినట్టున్నాయి. అయినా మొలిచాయి. ఆమె సంతోషం పట్టలేక, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ఒక్కతే చప్పట్లు కొట్టింది.

ఆగస్టులో ఎప్పట్లాగే వాన మొహం చాటేసింది. వేరుశనగ వాడి, మళ్లీ తేరుకుని, సగం పంటకు ఒప్పుకుంది. నాటు కంది మాత్రం తన నటన తాను నటించి, సెప్టెంబరు జల్లుకు లేచి నిలబడింది. జయరాం ఆ సీజనంతా ఏ చేనుకు పోయినా ఇంజను ఆపి, "అక్కడి సాలుందా అండీ? ఉంటే అది ఎక్కడో దగ్గరుండి చూపించండి" అని అడిగేవాడట. కళ్యాణదుర్గం దాకా ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

వేరుశనగ పీకేశాక ఆ ఎర్రనేల మీద ఇరవై కంది సాళ్లే మిగిలాయి. సంక్రాంతి దాటాక, కాయ ఎండి గలగలమన్నప్పుడు, ముగ్గురూ కొడవళ్లు పట్టుకుని చేనుకు పోయారు. మల్లికార్జున హుషారుగా ఉన్నాడు. వంకర సాళ్ల దగ్గర నిలబడి అన్నాడు.

"మా, ఈ ఆరూ నేనేసినవి. నావి."

"సిగ్గు ల్యాకుంటే సరి. అక్కడి సాలు మగోడికి యాడన్నా ఉంటాదా? పక్కన నిలబడి ఏసింది ఎవరు? అవి ఈశ్వరివి."

ఆ మాట ఆమె మామూలుగానే అంది, కొడుకు నోరు మూయించడానికి. ఈశ్వరి మాత్రం చేస్తున్న పని ఆపింది. ఆ ఇంటికొచ్చి నాలుగేళ్లు దాటినా, ఆ చేనులో ఫలానాది నీది అని ఎవరూ అనలేదు. ఆమె తన సాళ్లలోకి నడిచింది. కొడవలి వెయ్యలేదు. ముందు మొక్క మొక్కా చూస్తూ పోయింది. నిండుగా కాసి, పురుగు తగలని కొమ్మలను చేత్తో విరిచి విడిగా ఒక కట్ట కట్టింది. విత్తనానికి.

మారెక్క దూరం నుంచి గమనిస్తూనే ఉంది. కట్టలో ఒక కొమ్మ ఆమెకు నచ్చలేదు. కాయలో నాలుగు గింజలకు మూడే ఉన్నట్టనిపించింది. దగ్గరికి వచ్చి, ఆ కొమ్మను లాగేయడానికి చెయ్యి చాపింది.

ఈశ్వరి కట్టను వెనక్కి జరుపుకుంది.

"ఉండనీ అత్తా. ఇవి నా సాళ్లు. ఏది ఇత్తనమో నేను సూసుకుంటా. నాకు వేరే కుండ కావల్ల."

తన తల్లికి సేద్యంలో ఎదురుచెప్పి నిలిచినవాళ్లను మల్లికార్జున ఇంతవరకూ చూడలేదు. మారెక్క చెయ్యి గాలిలోనే ఆగింది. ఆమెకు కోపం రావాలి. రాలేదు. వచ్చిన సంతోషం ఎంతటిదంటే, దాన్ని ఏ మొహంతో చూపించాలో ఆమెకు తెలియలేదు.

"మూడు గింజల కాయి అది" అని గొణిగింది, వదల్లేక.

"నాలుగుండాయి" అంది ఈశ్వరి. కాయ తుంచి, ఒలిచి, అరచేతిలో పోసి చూపించింది. నాలుగున్నాయి.

మారెక్క వాటిని రెండుసార్లు చూసింది. తర్వాత తన పద్నాలుగు సాళ్ల వైపు తిరిగి, కొడవలి ఎత్తుకుని, కొయ్యడం మొదలుపెట్టింది.